బొమ్మ కింద నిలిచిన పేరు

రూతమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను గళ్ల లుంగీ ఎగ్గట్టి, చెవి మీద బీడీ పెట్టుకుని, విశాఖపట్నంలో ఒక మేడ మీద కెమెరా ముందు నిలబడి ఉన్నాను. నా ఉద్యోగం అదే. జనం ఫోన్లలో చూసి నవ్వుకునే చిన్న చిన్న వీడియోల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన అమాయకుడి వేషం నాది. లిఫ్టుకి దండం పెడతాను. ఏసీ గదిలోకి వెళ్లి ఎవరో మంచు తలుపు తీసి వదిలేశారని గోల చేస్తాను. నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకున్నవాణ్ణి, రాజాంలో కూడా ఏసీ షాపులున్నాయి. ఆ సంగతి చెబితే మాత్రం ఎవరూ నవ్వరు.

"రూతమ్మ పోనాదిరా. రేపు మజ్జానం మట్టి సేస్తారంట. వస్తావేటి?" అంది అమ్మ.

"ఏ రూతమ్మ?" అన్నాను. తెలియక కాదు. ఊపిరి తీసుకోవడానికి కొంచెం వ్యవధి కావాలి.

"ఏ రూతమ్మేటిరా! బళ్లో నీకు సాంబారు పోసిన రూతమ్మ. సర్పంచికి నిలబడి ఓడిపోనాది కాదేటి."

ఒక మనిషి బతుకుని అమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది. ఆ రెండింటిలోనూ నేనున్నాను. సాంబారు తిన్నది నేను, ఓడించడంలో చేయి వేసిందీ నేనే. రెండో సంగతి అమ్మకి తెలియదు. నాన్నకి తెలియదు. తెలిసిన ఒకే ఒక్క సాక్షి ఒక ముసలి కంప్యూటరు. దాన్ని ఇనుప సామాన్లవాడు ఎప్పుడో పట్టుకుపోయాడు.

మా ఊరు రాజాంకి ఆటోలో పావుగంట. ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకి మా నాన్న కేబుల్ ఆపరేటరు. మేడ మీద ఒక గది ఉండేది, దాన్ని కంట్రోల్ రూమ్ అనేవాళ్లం, అక్కడ ఏదీ ఎవరి అదుపులోనూ లేకపోయినా. గోడకి వరసగా పేర్చిన రిసీవర్లు, ఒక డీవీడీ ప్లేయరు, మూత విప్పేసి ఫ్యాన్ కింద పెట్టిన ఆ కంప్యూటరు. వేడెక్కిన దుమ్ము వాసన, టంకం వాసన, కింద వంటింట్లో ఎండునెత్తళ్లు వేగుతున్న వాసన, మూడూ కలిసి ఆ గదిలో ఎప్పుడూ ఉండేవి. నాన్న పొద్దున్నే లేచి, దేవుడి పటం తుడిచినంత భక్తిగా డిష్‌ని తడిగుడ్డతో తుడిచేవాడు. తర్వాత రాగుల చోడంబలి గ్లాసు పక్కన పెట్టుకుని ఆ రోజు స్క్రోలింగు టైపు చేసేవాడు. ఫలానావారి పెళ్లి శుభాకాంక్షలు, ఫలానావారి మరణానికి సంతాపం, ఫలానావారి గేదె తప్పిపోయింది. తెర అడుగున చావూ పెళ్లీ గేదే ఒకే వేగంతో పరిగెత్తేవి. సమానత్వం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది అక్కడే.

మధ్యాహ్నం రెండింటికి మా లోకల్ చానెల్‌లో సినిమా. ఆ రోజుల్లో కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి రెండింటికి అన్నది ఒక ఆశ మాత్రమే. కోత వేళలు మారితే సినిమా మారిన వేళకి జరిగేది, దానివెంట ఊరి భోజనాలూ జరిగేవి. ఏ సినిమా వేయాలో తోచనప్పుడు నాన్న ఒకే డిస్కు తీసేవాడు. నలుపు తెలుపుల నాటి ప్రేమ హాస్యకథ. జమీందారు కొడుకు ఒక అమ్మాయిని ప్రేమించి, ఆమె మనసు తెలుసుకోవడానికి వాళ్లింట్లోనే కారు డ్రైవరుగా చేరతాడు. ఆ అమ్మాయి మనుషులందరూ సమానమేనని మొదటి సగమంతా ఉపన్యాసాలిచ్చి డ్రైవర్ని ప్రేమిస్తుంది. చివర్లో డ్రైవరు జమీందారు కొడుకేనని తేలుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సమానత్వం అవసరం లేకుండానే పెళ్లయిపోతుంది.

ఆ సినిమాలో నౌకరు పేరు గవిరిగాడు. హీరో, హీరోయిన్, వాళ్ల నాన్నలు, చివరికి పోస్టుమాను కూడా కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లలాగే మాట్లాడతారు. మాలాగా మాట్లాడేది గవిరిగాడొక్కడే. వాడికి వేరే పనేమీ లేదు. కాఫీ ఒలకబోయడం, తిట్లు తినడం, నవ్వించడం. మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, అడ్డచుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని పీలుస్తూ టీవీకి ఎదురుగా గోడకి చేరబడి కూర్చునేది. గవిరిగాడు రాగానే చుట్ట తీసి, "సూడ్రా, మన బాస మదరాసు ఎల్లినాది," అనేది. వెళ్లిన మాట నిజమే. వెళ్లి అక్కడ చెంపదెబ్బలు తింటోంది. ఆ ముక్క నేను మామ్మతో అంటే, "తినీ. తింటే ఏటి? బొమ్మలోకెక్కినాడు కాదేటి," అని కొట్టిపారేసేది.

ఆ బొమ్మలో ఊరుంది గానీ పేట లేదు. హీరో హీరోయిన్లు పాడుకుంటుంటే వెనక వరి కోసే కూలీలు ఒక ముప్పై మంది ఉంటారు. వాళ్లకి వీపులు మాత్రమే ఉంటాయి. ఒక్క మొహం కూడా మన వైపు తిరగదు. మా ఊరికి తూర్పున చర్చి చుట్టూ ఉన్న పేటలో ఆ వీపులకి పేర్లుండేవి. అందులో రూతమ్మ ఒకతె. బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పేట మనిషి వండింది తినొద్దని మామ్మ నాకు క్యారియరు కట్టి పంపేది. ఆ క్యారియరు కుక్కకి పెట్టేసి నేను రూతమ్మ సాంబారు తినేవాణ్ణి. దీన్ని సంఘ సంస్కరణ అనుకోవద్దు, మా ఇంట్లో పప్పు నీళ్లలా ఉండేది. ఆమె గరిటె ఎత్తి, "బావూ, మీ మామ్మకి సెప్పకు, నా ఉద్యోగం పోతాది," అనేది. వడ్డన మాత్రం అడుగు నుంచి ముక్కలు దేవి వడ్డించేది. ఊళ్లో అందరికీ వరసలుండేవి, అత్త, మావ, అప్ప, పిన్ని. పేటవాళ్లకి మాత్రం పేర్లే. నాకంటే ముప్పై ఏళ్లు పెద్దదైన ఆమెని నేను రూతమ్మా అనే పిలిచాను. నాకు అదేమీ వింతగా కూడా అనిపించలేదు.

బడి గిన్నెలు కడిగేసి ఇంటికి వెళుతూ ఆమె మా వీధి కిటికీ దగ్గర ఆగి, ఊచలు పట్టుకుని రెండింటి సినిమా చూసేది. మామ్మ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గవిరిగాడు కాలు జారి పడితే లోపల మామ్మ, బయట రూతమ్మ ఒకేసారి నవ్వేవాళ్లు. ఆమె నవ్వులో ఒక పిల్ల గొంతుండేది. తర్వాత కొన్నేళ్లకి ఆమె కూడా టీవీ కొనుక్కుంది. కిటికీ ఖాళీ అయింది.

నేను డిగ్రీలో ఉండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి, మా ఊరి సర్పంచి స్థానం మహిళలకి కేటాయించారు. పాత సర్పంచిని ఊరంతా ప్రెసిడెంటు గారనేవాళ్లు. ఆయన తడుముకోకుండా భార్యని నిలబెట్టారు, ఉంగరం గుర్తు. పోస్టరులో ఆవిడ మొహం కంటే ఆయన మీసం పెద్దగా ఉంది. ఎదురు ఎవరూ ఉండరనుకుంటుండగా రూతమ్మ నామినేషను వేసింది. బుట్ట గుర్తు. ఎందుకు వేసిందో అందరికీ తెలుసు. పేటవాళ్ల సమాధుల తోటకి దారి లేదు. మధ్యలో ప్రెసిడెంటు గారి పొలం. వేసవిలో అయితే గట్ల మీదుగా ఎలాగో పోతారు. రూతమ్మ భర్త చచ్చిపోయింది ఊడ్పుల కాలంలో, వరి నాట్లప్పుడు. గట్టు మీద మోసేవాళ్ల కాళ్లు జారి శవపెట్టె మడిలో పడింది. మోకాటి లోతు బురదలో నలుగురూ దాన్ని వెతికి పట్టి లేపుతుంటే, ఊడ్చిన వరి నారు తొక్కేస్తున్నారని పొలం కాపలావాడు గట్టు మీద నుంచి తిట్టాడు. బళ్లో సాంబారు పోస్తూ ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రచారంలో మాత్రం ప్రతి గుమ్మంలో చెప్పింది. "నానేటీ అడగతన్నాను? మనిసి పోతే మట్టికి ఎల్లడానికి దారి. అంతే," అనేది. పేటా, కూలి పనులకెళ్లే కొత్తవీధీ ఆమెవైపు ఉన్నాయి. గెలుస్తుందని నాన్నే అన్నాడు. నాన్న అలాంటి మాటలు చెప్పే రకం కాదు.

ప్రచారం ఆఖరి రోజు పొద్దున్న ఆమె కూతురు ఎస్తేరుని వెంటబెట్టుకుని మా మేడ ఎక్కింది. ఎస్తేరు నా ఈడుది, రాజాంలో నర్సింగు చదువుతోంది. చేతిలో నోటుపుస్తకం కాగితం. బుట్ట గుర్తుకే మీ ఓటు, రూతమ్మ, పేటకు దారి, ఊరికి నీరు.

"ఇది రెండింటి బొమ్మ కిందే పరిగెత్తాల బావూ. ఆడోళ్లందరూ అప్పుడే కూకుంతారు," అంది.

"ఏ బొమ్మ వెయ్యమంటావు?" అన్నాడు నాన్న.

"గవిరిగాడి బొమ్మ ఎయ్యండి. అదైతే ముసిలోళ్లు కూడా లేవరు," అని నవ్వింది.

ఆ డిస్కు ఎంచుకున్నది ఆమే. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు కాస్త ఊరటగా ఉంటుంది, ఆ ఊరట మీద కాస్త సిగ్గు కూడా. నాన్న తీగ తెగిందని పక్క ఊరు వెళుతూ స్క్రోలింగు పని నాకు అప్పగించాడు.

ఆ సినిమాలో ఇంటర్వెల్ తర్వాత హీరోయిన్ తండ్రి ఎన్నికల్లో నిలబడతాడు. ఓటు వేసి గవిరిగాడు తలగుడ్డ సర్దుకుంటూ బయటికి వస్తాడు. ఎవరికి వేశావురా అని అడుగుతారు. వాడు తెరనిండా మొహం పెట్టి, "అందరూ మన బాబులే గదండీ. ఎవుల్ని కాదంతాం? అన్ని బొమ్మల మీదా ఒక్కో గుద్దు గుద్దీసినాను," అంటాడు. ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా ఆ మాట వచ్చు. అది ఎన్నో నిమిషంలో వస్తుందో నాకు తెలుసు. మా కంప్యూటరులో స్క్రోలింగుని పరిగెత్తించవచ్చు, మధ్యలో నిలబెట్టవచ్చు కూడా. వార్తల చానెళ్లలో మాట్లాడేవాడి మొహం కింద పేరు నిలబెడతారు చూశారా, అలా. గవిరిగాడి మొహం తెరనిండా రాగానే నేను మీట నొక్కాను. వాడి గడ్డం కింద తెల్లటి అక్షరాలు కదలకుండా నిలబడ్డాయి. రూతమ్మ, బుట్ట గుర్తు.

నాకు ఆమె మీద కోపం లేదు. ప్రెసిడెంటు గారి మీద గౌరవమూ లేదు. నవ్వొచ్చింది, నొక్కాను. కింద వీధిలో మొదట ఒక ఇంట్లో నవ్వు వినపడింది, తర్వాత పక్కింట్లో, తర్వాత వీధంతా. ఒక ఊరు ఒకేసారి నవ్వడం నేను వినడం అదే మొదలు. ఇప్పుడు నా వీడియోలు ఎంతమంది చూసినా అది అంకెగానే కనిపిస్తుంది. ఆ రోజు చెవులతో విన్నాను. అంత ఆనందం నాకు మళ్లీ దొరకలేదు.

సాయంత్రానికే కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద ఆమె ఇంటి ముందు నుంచి పోతూ, "ఓ గవిరమ్మా! అన్నింటి మీదా గుద్దీమంతావా?" అని కేకలేశారు. మర్నాడు పొద్దున్న ఆమె ఒక్కతే వచ్చింది. నాన్న అప్పటికే పనిమీద బయటికి వెళ్లిపోయాడు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా గోడ పట్టుకుని నిలబడింది.

"అదేటి బావూ, అలాగ నిలబడిపోనాది నా పేరు?"

"కంప్యూటరు ఆగిపోయింది రూతమ్మా. పాతది కదా."

ఆమె కంప్యూటరు వైపు చూసింది. అది బుద్ధిగా తిరుగుతోంది.

"ఆగిపోతాది. మిషను కదా," అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ బొమ్మకి నానూ నవ్వీదాన్నే. మీ కిటికీ కాడ నిలబడి కడుపట్టుకుని నవ్వీదాన్ని. ఆడు మా మనిసని నాకు అప్పుడు తట్టనేదు. ఓట్లయ్యేదాకా ఇంకెయ్యకు బావూ. దండం," అంది. నిజంగానే దండం పెట్టింది. నేను వద్దని కూడా అనలేదు. టీ తాగుతావా అన్నాను. తాగలేదు.

ఓట్ల లెక్కింపు అదే బడిలో. లోకల్ చానెల్ కోసం నేను కెమెరా పట్టుకుని మూల నిలబడ్డాను. పంచాయతీకి కాగితం ఓట్లు కదా, లెక్కించే మేష్టారు ఒక్కొక్కటే విప్పి చూపిస్తున్నారు. ఉంగరం, బుట్ట, బుట్ట, ఉంగరం. మధ్యలో ఒకటి విప్పి ఆగారు. ఉంగరం మీద ఒక ముద్ర, బుట్ట మీద ఒక ముద్ర. చెల్లదు, పక్కన పెట్టారు. కాసేపటికి అలాంటిదే ఇంకొకటి, తర్వాత ఇంకొకటి. ప్రెసిడెంటు గారి ఏజెంటు, "గవిరిగాడి ఓటండీ!" అన్నాడు. లోపలున్నవాళ్లందరూ నవ్వారు. మేష్టారు కూడా నవ్వు ఆపుకుంటూ కాగితం మడత పెట్టారు. ఆ తర్వాత అలాంటిది వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట అనడం, మిగతావాళ్లు నవ్వడం. రూతమ్మ పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. ఆమె ఓడిన తేడా కంటే ఆ చెల్లని ఓట్లే ఎక్కువ.

అవి వేసిందెవరో ఎవరికీ తెలియదు. సరదాకి కుర్రాళ్లు వేసి ఉండవచ్చు. లేకపోతే కొత్తవీధిలో ఏ ముసలి కూలీయో, అటు ప్రెసిడెంటు గారిని కాదనలేక, ఇటు రూతమ్మకి ఇచ్చిన మాట తప్పలేక, ఇలా కూడా వేయవచ్చని బొమ్మలో చూశాం కదా అనుకుని రెండింటి మీదా గుద్ది ఉండవచ్చు. కుర్రాళ్లయితే నాకు సగం పాపమే. ఇన్నేళ్లుగా కుర్రాళ్లేనని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా కష్టపడ్డాను.

ప్రెసిడెంటు గారి భార్య ప్రెసిడెంటు అయ్యారు, ప్రెసిడెంటు గారు ఆయనే. దారి రాలేదు. రూతమ్మ ఎప్పటిలాగే బడిలో వండింది. పిల్లలు కూడా ఆమెని గవిరమ్మా అని పిలిచారు, ఆమె పలికింది. కొన్నాళ్లకి ఆ పేరెందుకు వచ్చిందో కూడా పిల్లలకి తెలియకుండా పోయింది. తర్వాత సెట్ టాప్ బాక్సులొచ్చి మా లోకల్ చానెల్‌ని మింగేశాయి. నాన్న ఒక పెద్ద కంపెనీకి బాక్సులు బిగించే మనిషయ్యాడు. మామ్మ పోయింది. గవిరిగాడి ముక్క మాత్రం ఎవరో కోసి ఫోన్లలోకి వదిలారు. ఇప్పుడు దానికి మూడు గంటల సినిమా కూడా అక్కర్లేదు. వాడు ప్రేమకథ లేకుండా, జమీందారు లేకుండా, ఒట్టి మొహంతోనే వస్తాడు. పని దొరకడం కోసం విశాఖలో నేను మొదటిసారి చేసి చూపించింది కూడా వాణ్ణే.

రూతమ్మని మట్టి చేసిన రోజు వాన పడుతూనే ఉంది. పెట్టెకి నేనూ ఒక భుజం ఇచ్చాను. గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడిచే చోటు లేదు. కుడివైపు ఇద్దరు గట్టు మీద, ఎడమవైపు ఇద్దరం మడిలో. నా చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. ఈసారి పెట్టె పడలేదు. అది మేం సాధించిన అభివృద్ధి. తిరిగి వచ్చాక పేట బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఎస్తేరు పంపు కొట్టింది.

"ఒక మాట అడగతాను. ఆ దినం మీ కంపీటరు నిజంగా పాడైపోనాదేటి?" అంది.

"ఆ కంప్యూటరుకి నాకంటే బుద్ధెక్కువ," అన్నాను.

ఆమె నవ్వలేదు. "అమ్మ ఆకరిదాకా మిషనే అనీది. నాను నమ్మనేదు," అని పంపు వదిలేసింది.

మూడో రోజు చర్చిలో, పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. పేటంతా చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక పాస్టరు గారు నన్ను చూసి, "మన ఊరి పేరు ఫోన్లలోకి తీసుకెళ్లిన బావు వచ్చి ఉన్నాడు. రూతమ్మక్క గురించి రెండు మాటలు చెబుతాడు," అన్నారు. నేను లేచాను. నోరు తెరవకముందే ముందు వరసలో ఇద్దరు నవ్వారు. నేను మంచి తెలుగులో, పేపర్లో రాసినట్టు మాట్లాడదామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే ఇంటి మాటే వచ్చింది.

"ఆ దినం కంపీటరు పాడవనేదు. గవిరిగాడి మొగం కింద రూతమ్మ పేరు ఎట్టినోడిని నానే. నవ్వొస్తాదని కావాలనే ఎట్టినాను. ఆవిడ వొచ్చి అడిగితే అబద్దమాడినాను."

చర్చి అంతా నవ్వింది. నా వీడియోల్లో నేను మాట్లాడేది అచ్చం అలాగే. వెనక నుంచి ఒక ముసలాయన చప్పట్లు కూడా కొట్టాడు. "ఒట్టు, నిజంగానే," అన్నాను. ఇంకా నవ్వారు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన మొహాలు కొంగులతో తుడుచుకుంటూ నవ్వారు.

"చూశారా, దుఃఖంలో ఉన్న మనకి ప్రభువు ఈ బిడ్డ ద్వారా నవ్వు పంపించాడు. కళ్లు మూసుకుందాం, ప్రార్థన," అన్నారు పాస్టరు గారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఎస్తేరు మూసుకోలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. ప్రార్థన చాలాసేపు సాగింది.